రెండు ఊళ్లు, ఇద్దరు కుర్రాళ్లు

ఒకరు సముద్రపుటొడ్డున ఉన్న వాంకూవర్‌లో, మరొకరు మైలు ఎత్తున ఉన్న డెన్వర్‌లో. ఒకే సీజన్‌లో ఐస్ హాకీ రక్షణ శ్రేణిలో మెరిసిన క్విన్ హ్యూస్, కేల్ మకార్ ఆటలో సమ ఉజ్జీలు. వారి దారులు ఎక్కడ వేరయ్యాయో ఆ ఊళ్లు చూస్తే తెలుస్తుంది.

వాంకూవర్ నగరానికి పడమటి కొసన మూడు వైపులా సముద్రం చుట్టుకున్న పెద్ద తోట ఉంది. తోట అనడమే గాని అది 400 హెక్టార్ల అడవి. ఆకాశాన్నంటే సీడార్, ఫర్ చెట్లు, ఒడ్డు వెంబడి రాతిగోడ మీద నడకదారి, నీటికి అవతల మంచు కప్పుకున్న కొండలు. దాని పేరు స్టాన్లీ పార్క్. 1888లో కెనడా గవర్నర్ జనరల్‌గా వచ్చిన లార్డ్ స్టాన్లీ పేరు పెట్టారు. 1892లో ఐస్ హాకీ జట్ల కోసం ఒక వెండి పాత్రను బహూకరించిందీ ఆ దొరే. ఆ పాత్రే నేడు ఆ ఆటలో అందరూ కలలుగనే స్టాన్లీ కప్.

దొర పేరుతో పార్కు ఉన్న ఊరికి దొర ఇచ్చిన కప్పు మాత్రం దక్కడం లేదు. 1970లో నేషనల్ హాకీ లీగ్‌లో చేరిన వాంకూవర్ కానక్స్ జట్టు 1982, 1994, 2011లలో ఫైనల్ దాకా వెళ్లి మూడుసార్లూ ఓడింది. చివరి రెండుసార్లూ ఓటమి ఆఖరిదైన ఏడో మ్యాచ్‌లోనే. ఆ రెండు రాత్రులూ నగరం నడిబొడ్డున అల్లర్లు చెలరేగాయి. దుకాణాల అద్దాలు పగిలాయి. 2011లో పోలీసు కార్లు తగలబడ్డాయి. ఈ ఊరికి కొత్త ఆటగాడు ఎవరొచ్చినా జనం అతణ్ని చూసే చూపులో ఆ ఆకలి కనిపిస్తుంది.

నిజానికి కప్పు ఈ ఊరికి ఒకసారి వచ్చింది. అయితే అది కానక్స్ పుట్టకముందు మాట. స్టాన్లీ పార్క్ అంచున 1911లో కట్టిన డెన్‌మన్ అరీనాలో 1915లో వాంకూవర్ మిలియనీర్స్ అనే జట్టు ఒటావాను ఓడించి కప్పు గెలిచింది. ఆ జట్టు తార ఫ్రెడ్ టేలర్. ‘సైక్లోన్’ అని ముద్దుపేరు. ఆటతోపాటు ఆయనకు వలస శాఖలో ఉద్యోగం ఉండేది. 1914లో 376 మంది భారతీయులతో కొమగాటా మారు నౌక ఇదే రేవుకు వచ్చినప్పుడు దానిమీదికి వెళ్లిన అధికారుల్లో ఆయనా ఉన్నారు. ప్రయాణికుల్లో అత్యధికులు పంజాబీలు. రెండు నెలలు నీటి మీదే నిలబెట్టి, కొద్దిమందిని తప్ప ఎవరినీ ఒడ్డుకు రానివ్వకుండా ఆ నౌకను తిప్పి పంపేశారు. డెన్‌మన్ అరీనా 1936లో కాలిపోయింది. కొమగాటా మారు స్మారకం అక్కడికి దగ్గర్లోనే, కోల్ హార్బర్ ఒడ్డున ఉంది.

నగరానికి అవతలి పక్క, స్టేడియం-చైనాటౌన్ స్కైట్రెయిన్ స్టేషన్ దిగి నాలుగడుగులు వేస్తే రోజర్స్ అరీనా. కానక్స్ సొంత మైదానం ఇదే. బయట ఒక కంచు విగ్రహం హాకీ కర్ర చివరన తువ్వాలు కట్టి పైకెత్తి ఉంటుంది. ఆయన రోజర్ నీల్సన్, 1982లో జట్టు కోచ్. షికాగోలో జరిగిన మ్యాచ్‌లో రెఫరీల తీరుతో విసిగి, ‘ఇదిగో లొంగిపోతున్నాం’ అన్నట్టు తెల్ల తువ్వాలు ఎగరేసి వెక్కిరించారు. తర్వాతి మ్యాచ్‌కు అభిమానులు తలా ఒక తువ్వాలు పట్టుకొచ్చారు. అప్పటి నుంచి కీలక మ్యాచ్‌లలో వేలాది తెల్ల తువ్వాళ్లు ఊపడం ఇక్కడ ఆనవాయితీ. ఓటమి గుర్తునే పతాకంగా మార్చుకున్న ఊరు ఇది.

2019 మార్చి 28న ఈ మైదానంలోనే క్విన్ హ్యూస్ తొలిసారి మంచు మీదికి దిగాడు. లాస్ ఏంజెలిస్ కింగ్స్‌తో ఆట. వయసు 19. ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు. కండలు తిరిగిన ఆరడుగుల ఆటగాళ్ల మధ్య బడిపిల్లాడిలా కనిపించాడు. అయినా పక్‌ను కర్రకు అంటించుకున్నట్టు ప్రత్యర్థుల మధ్య నుంచి జారిపోయి ఒక గోలుకు దారి వేశాడు. ఇలాంటివాడు డిఫెన్స్‌లో ఆడటమేమిటని చూసినవాళ్లకు అనిపించవచ్చు. అక్కడే ఈ ఆటలో వచ్చిన మార్పు ఉంది.

ఐస్ హాకీ రింక్ 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. ఒక్కో వైపు గోల్‌కీపర్ కాక ఐదుగురు. వారిలో ఇద్దరు డిఫెన్స్. మనం చూసే హాకీలో బంతికి బదులు ఇక్కడ పక్ అనే గట్టి రబ్బరు బిళ్ల ఉంటుంది. అంగుళం మందం, మూడంగుళాల వెడల్పు. ఎగిరిపడకుండా ఉండటానికి ఆటకు ముందు దాన్ని గడ్డకట్టిస్తారు. పరుగు ఎంత తీవ్రమంటే, ఆటగాడు ముప్పావు నిమిషం ఆడి బెంచీకి వచ్చేస్తాడు, మరొకడు దిగుతాడు. పాతరోజుల్లో డిఫెన్స్ ఆటగాడి పని ఒక్కటే. ఎదుటివాణ్ని ఢీకొట్టి ఆపడం, పక్‌ను దూరంగా నెట్టేయడం. 1960ల చివర్లో బోస్టన్ జట్టుకు వచ్చిన బాబీ ఓర్ ఆ లెక్క మార్చాడు. వెనక నుంచి పక్ తీసుకుని రింక్ మొత్తం తానే దాటి గోలు కొట్టేవాడు. గోడ అనుకున్న చోట తలుపు తెరిచాడు. హ్యూస్, మకార్ ఆ తలుపులోంచి వచ్చినవాళ్లే.

హ్యూస్ ఇంట్లో ఆట పుట్టుకతోనే ఉంది. తండ్రి జిమ్ హాకీ కోచ్. తల్లి ఎలెన్ అమెరికా మహిళల జట్టుకు ఆడారు. తమ్ముళ్లు జాక్, ల్యూక్ ఇద్దరూ తర్వాత న్యూజెర్సీ జట్టులో చేరారు. పుట్టింది ఫ్లోరిడాలోని ఓర్లాండోలో, పెరిగింది టొరంటోలో, చదివింది మిషిగన్ విశ్వవిద్యాలయంలో. 2018లో కానక్స్ అతణ్ని ఏడో ఎంపికగా తీసుకుంది. అతని బలమంతా పాదాల్లో ఉంది. స్కేటు అంచు మీద ఒక్కసారిగా తిరిగి, ఎదుటివాడు ఎటు వెళ్లాలో తేల్చుకునేలోగా మరోవైపు మలుగుతాడు. తొందరపడడు. పక్ పట్టుకుని నీలిగీత మీద అటూ ఇటూ నడుస్తూ ఎవరో ఒకరు ఖాళీ అయ్యేదాకా ఎదురుచూస్తాడు.

ఆ ఆటను వాంకూవర్ చుట్టుపక్కల రెండు భాషల్లో విన్నారు. నగరానికి ఆగ్నేయంగా ఉన్న సర్రేలో ఏ బజారుకు వెళ్లినా పంజాబీ బోర్డులు కనిపిస్తాయి. 2008 నుంచి ‘హాకీ నైట్’ ప్రసారం పంజాబీలో కూడా వస్తోంది. ఆ వ్యాఖ్యానంలో పక్ ‘టిక్కీ’ అవుతుంది, ఆలూ టిక్కీలోని టిక్కీయే. కర్ర ఎత్తి బలంగా కొట్టే షాట్‌కు చెంపదెబ్బ అనే అర్థంలో ‘చపేడ్’ పేరు పెట్టారు. ఒకప్పుడు పంజాబీల ఓడను వెనక్కి పంపిన రేవులో ఇప్పుడు ఆ ఊరి ఆట ఆ భాషలోనే వినిపిస్తోంది. సర్రే కుర్రాడు అర్ష్‌దీప్ బెయిన్స్ 2024 ఫిబ్రవరిలో కానక్స్ తరఫున తొలి మ్యాచ్ ఆడాడు.

పంజాబీ వ్యాఖ్యానానికి పేరు తెచ్చిన హర్నారాయణ్ సింగ్ పెరిగింది ఆల్బర్టా రాష్ట్రంలోని బ్రూక్స్ అనే చిన్న పట్టణంలో. కాల్గరీకి తూర్పున గడ్డిమైదానాల మధ్య, మాంసం ప్యాకింగ్ కర్మాగారం మీద బతికే ఊరది. కథలో రెండో కుర్రాడు కేల్ మకార్ బయటి ప్రపంచం కంట పడింది కూడా అక్కడే. కాల్గరీలో పుట్టిన మకార్ బ్రూక్స్ బాండిట్స్ అనే జూనియర్ జట్టుకు ఆడాడు. పెద్ద పేరున్న జూనియర్ లీగ్‌లను కాదని చిన్న ఊరి దారిలో వచ్చినవాణ్ని 2017లో కొలరాడో అవలాంచ్ నాలుగో ఎంపికగా తీసుకుంది.

మకార్ తొందరపడలేదు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో రెండేళ్లు ఆడాడు. 2019 ఏప్రిల్‌లో అతని జీవితం నాలుగు రోజుల్లో మారిపోయింది. 12న అమెరికా కాలేజీ హాకీలో అత్యుత్తమ ఆటగాడికిచ్చే హోబీ బేకర్ అవార్డు. 13న బఫెలోలో జాతీయ ఫైనల్, ఓటమి. 14న కొలరాడోతో ఒప్పందం. 15న డెన్వర్‌లో ప్లేఆఫ్ మ్యాచ్. ఎదుట ఉన్నది సొంత ఊరి జట్టు కాల్గరీ ఫ్లేమ్స్. తొలి పీరియడ్‌లోనే గోలు కొట్టాడు. లీగ్‌లో తొలి ఆటే ప్లేఆఫ్స్‌లో ఆడి అందులో గోలు చేసిన డిఫెన్స్ ఆటగాడు అంతకుముందు లేడు.

డెన్వర్ వాంకూవర్‌కు అన్నిటా భిన్నం. అక్కడ తడి, ఇక్కడ పొడి. అక్కడ సముద్రమట్టం, ఇక్కడ 1,609 మీటర్లు, సరిగ్గా ఒక మైలు. ప్రాణవాయువు ఆరో వంతు దాకా తక్కువ. కొత్తగా వచ్చినవాళ్లకు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. వచ్చిన జట్లకు మూడో పీరియడ్‌లో కాళ్లు బరువెక్కుతాయి. ఈ మాట లేహ్‌లో చెబితే నవ్వుతారు. 3,500 మీటర్ల ఎత్తున గడ్డకట్టిన చెరువుల మీద ఆట నేర్చే లదాఖీ అమ్మాయిలే ఎక్కువగా ఉన్న భారత మహిళల జట్టు 2025 ఆసియా కప్‌లో కాంస్యం గెలిచింది. అయినా వాంకూవర్ నుంచి వచ్చేవాళ్లకు డెన్వర్ ఎత్తే.

ఆ ఎత్తును ఊరు గొప్పగా చెప్పుకుంటుంది. బంగారు గుమ్మటమున్న రాష్ట్ర కాపిటల్ భవనం పడమటి మెట్ల మీద ‘సముద్రమట్టానికి మైలు ఎత్తు’ అని గుర్తు ఉంటుంది. ఒకటి కాదు, మూడు గుర్తులు. మొదట పదిహేనో మెట్టు అన్నారు. 1969లో విద్యార్థులు కొలిచి పద్దెనిమిదో మెట్టు అన్నారు. 2003లో ఆధునిక పద్ధతిలో కొలిస్తే పదమూడో మెట్టని తేలింది. భవనం కదల్లేదు. కొలిచే పద్ధతి మారినప్పుడల్లా మైలు మారింది.

2019-20 సీజన్‌లో హ్యూస్, మకార్‌లలో ఎవరు గొప్ప అనే వాదన కూడా ఆ మెట్ల లాంటిదే. హ్యూస్ 68 మ్యాచ్‌లలో 8 గోల్స్, 45 అసిస్టులతో 53 పాయింట్లు చేశాడు. ఆ ఏడాది కొత్త ఆటగాళ్లందరిలో అవే ఎక్కువ. మకార్ గాయాల వల్ల 57 మ్యాచ్‌లే ఆడి 12 గోల్స్, 38 అసిస్టులతో 50 పాయింట్లు చేశాడు. మొత్తం లెక్కిస్తే హ్యూస్ ముందు. మ్యాచ్‌కు సగటు తీస్తే మకార్ 0.88, హ్యూస్ 0.78. గోల్స్ చూస్తే మకార్, ఎక్కువ మ్యాచ్‌ల భారం మోసింది చూస్తే హ్యూస్. ఇద్దరూ ఆటకు 21 నిమిషాలకు పైగా మంచు మీద ఉన్నారు. తొలి సీజన్ కుర్రాళ్లకు కోచ్‌లు సాధారణంగా అంత నమ్మకం చూపరు.

ఆటతీరులోనూ తేడా ఉంది. హ్యూస్ ఎదుటివాణ్ని ఆలోచనలో పడేస్తాడు, మకార్ ఆలోచించే వ్యవధి ఇవ్వడు. మకార్ మొదటి రెండడుగుల్లోనే పూర్తి వేగం అందుకుంటాడు. షాట్ బలమైనది. హ్యూస్ పాస్‌తో గాయం చేస్తే మకార్ పాస్‌తోనూ షాట్‌తోనూ చేస్తాడు. మరో తేడా చుట్టూ ఉన్నవాళ్లది. కొలరాడోలో నేథన్ మకిన్నన్, మికో రాంటనెన్ లాంటి మేటి ఫార్వర్డ్‌లు అప్పటికే కుదురుకున్నారు. వాంకూవర్‌లోనూ ఇలియాస్ పీటర్సన్ వంటి మెరికలున్నా, జట్టు ఇంకా కట్టుకుంటున్న ఇల్లు. హ్యూస్ అందులో దూలం ఎత్తే పనికి వచ్చాడు. మకార్ కప్పు వేసిన ఇంట్లోకి వచ్చాడు.

ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చే కాల్డర్ ట్రోఫీకి ఓటు వేసేది హాకీ విలేకరులు. ఓర్, డెనిస్ పోట్విన్, రే బోర్క్, బ్రయన్ లీచ్ వంటి డిఫెన్స్ దిగ్గజాలు అందుకున్న ట్రోఫీ అది. 2020 సెప్టెంబర్ 21న ఫలితం వెలువడింది. మకార్ గెలిచాడు. హ్యూస్ రెండో స్థానంలో నిలిచాడు. విలేకరులు సగటు అనే మెట్టు దగ్గర గీత గీశారు.

అంతకు రెండు వారాల ముందే, ఇద్దరి సొంత ఊళ్లూ కాని మూడో ఊళ్లో అసలు పోలిక జరిగింది. కరోనాతో 2020 మార్చి 12న ఆగిపోయిన లీగ్ ఆగస్టులో రెండు మూసిన మైదానాల్లో మళ్లీ మొదలైంది. పశ్చిమ జట్లన్నీ ఎడ్మంటన్‌లో దిగాయి. ప్రేక్షకులు లేరు, తువ్వాళ్లు లేవు, మైలు ఎత్తూ లేదు. హోటలు, రింక్, మళ్లీ హోటలు. ఊరి సాయం ఇద్దరికీ లేదు. ఆ ప్లేఆఫ్స్‌లో హ్యూస్ 17 మ్యాచ్‌లలో 16 పాయింట్లు, మకార్ 15 మ్యాచ్‌లలో 15 పాయింట్లు చేశారు. కానక్స్ ముందు మినసోటాను, తర్వాత అప్పటి చాంపియన్ సెయింట్ లూయిస్‌ను ఓడించింది. కొలరాడో అరిజోనాను దాటింది. సెప్టెంబర్ 4న ఇద్దరి జట్లూ రెండో రౌండ్ ఏడో మ్యాచ్‌లో, ఒకే మైదానంలో, ఒకే రోజు ఓడిపోయాయి. డాలస్ చేతిలో కొలరాడో అదనపు సమయంలో, వెగాస్ చేతిలో వాంకూవర్ 0-3తో. ఊళ్లను తీసేసి చూస్తే ఇద్దరి మధ్య వెంట్రుకవాసి తేడా కూడా లేదు.

ఊళ్లు తిరిగి వచ్చాక తేడా పెరిగింది. కొలరాడో 2022 జూన్ 26న టాంపా బేను ఓడించి కప్పు గెలిచింది. 1996, 2001 తర్వాత అది మూడోది. మకార్ ఆ ప్లేఆఫ్స్‌లో 20 మ్యాచ్‌లలో 29 పాయింట్లు చేసి ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు. అదే ఏడాది లీగ్‌లో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడికిచ్చే నోరిస్ ట్రోఫీ కూడా అతనిదే, 2025లో మళ్లీ అతనిదే. ఆ రెండింటి మధ్య 2024లో హ్యూస్ 92 పాయింట్లతో అదే నోరిస్ అందుకున్నాడు. 2023లో కానక్స్ కెప్టెన్ అయ్యాడు. వ్యక్తిగా అతను ఎక్కడా వెనకబడలేదు. జట్టే వెనకబడింది. 2024లో రెండో రౌండ్‌లో మళ్లీ ఏడో మ్యాచ్‌లో ఓటమి. 2025లో ప్లేఆఫ్స్‌కే చేరలేదు. 2027లో కాంట్రాక్టు ముగియనున్న కెప్టెన్ ఉంటాడో లేడోనన్న గుబులు నగరాన్ని పట్టుకుంది. 2025 డిసెంబర్ 12న కానక్స్ అతణ్ని మినసోటాకు ఇచ్చేసింది. ఐదేళ్ల కిందట ఎడ్మంటన్‌లో తాను ఓడించిన జట్టుకే.

ఏ కుర్రాడు ఏ ఊరికి వెళ్లాలో ఈ లీగ్‌లో కుర్రాడు తేల్చుకోడు. గత సీజన్‌లో బాగా ఓడినవాళ్లకు ముందు వరుస అవకాశాలిచ్చి చీటీ తీస్తారు. 2017లో కొలరాడో లీగ్‌లో అట్టడుగున ఉంది, వాంకూవర్ దానికి పైమెట్టు మీద ఉంది. చీటీలు రెండింటినీ మోసం చేశాయి. కొలరాడో నాలుగో ఎంపికకు, వాంకూవర్ ఐదుకు జారాయి. డెన్వర్‌లో ఆ రోజు అందరూ దురదృష్టం అనుకున్నారు. నాలుగో పేరుగా పిలిచింది మకార్‌ను. తర్వాత పిలవాల్సింది వాంకూవర్. అంటే ఒక్క మెట్టు అటూ ఇటూ అయితే మకార్ తువ్వాళ్ల ఊరికి వచ్చేవాడు. వాంకూవర్ ఆ వంతులో తీసుకున్న పీటర్సన్ కూడా 2019 కాల్డర్ గెలిచినవాడే. ప్రతిభను గుర్తించడంలో ఆ ఊరు తప్పు చేయలేదు. వచ్చిన ప్రతిభ చుట్టూ సమయానికి జట్టును కట్టలేకపోయింది.

ఈ రెండు ఊళ్లనూ ఆట కోసం చూడాలనుకునేవాళ్లు అక్టోబర్-ఏప్రిల్ మధ్య వెళ్లాలి. కప్పు పోరు జూన్ దాకా సాగుతుంది. వాంకూవర్‌లో ఆ నెలల్లో వాన తప్పదు, గొడుగు ఉండాలి. మధ్యాహ్నం స్టాన్లీ పార్క్ ఒడ్డున నడిచి సాయంత్రం స్కైట్రెయిన్‌లో అరీనాకు చేరుకోవచ్చు. డెన్వర్ విమానాశ్రయం నుంచి యూనియన్ స్టేషన్‌కు రైలు ఉంది. 37 నిమిషాల ప్రయాణం. 2020 దాకా పెప్సీ సెంటర్‌గా ఉన్న బాల్ అరీనా అక్కడికి దగ్గరే. మొదటి రోజు నీళ్లు ఎక్కువ తాగాలి, మెట్లు నెమ్మదిగా ఎక్కాలి. రెండు చోట్లా స్వెట్టర్ తప్పనిసరి. మంచు పక్కన కూర్చుంటే లోపలా చలే.

మినసోటా, కొలరాడో ఒకే డివిజన్ జట్లు. కాబట్టి 2025 డిసెంబర్ బదిలీతో హ్యూస్, మకార్ మునుపటికన్నా తరచుగా ఎదురుపడే వీలు ఏర్పడింది. ఇక వాంకూవర్‌కు హ్యూస్ బదులుగా ముగ్గురు యువ ఆటగాళ్లు, ఒక డ్రాఫ్ట్ అవకాశం వచ్చాయి. ఆ ముగ్గురిలో ఒకడు జీవ్ బుయియం. వయసు 20, డిఫెన్స్‌లో తొలి సీజన్ కుర్రాడు. అతను కాలేజీ హాకీ ఆడి 2024లో జాతీయ చాంపియన్ అయింది డెన్వర్ విశ్వవిద్యాలయం తరఫున. మైలు ఎత్తున ఆట నేర్చినవాడు సముద్రపుటొడ్డుకు దిగాడు. ఈసారైనా ఊరు ఇల్లు కట్టి ఉంచుతుందా అన్నదే ప్రశ్న.